మూల కత్తిరించిన ఫిల్ము

కొత్త గ్రంథాలయం ముందుహాలులో, తలుపు తీయగానే ఎదురయ్యే గోడ మీద నిలువెత్తున పెట్టడానికి కమిటీవారు ఎంచుకున్న ఫోటోలో, గది నడిమధ్య నిలబడి మా తమ్ముడు వీపు గోక్కుంటున్నాడు.

ఆ ఫోటో నా కెమెరాతో, నా ఫిల్ము మీద, నా చేత్తోనే తీసినది. అయినా అది నా ఫోటో కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకదానికొకటి అడ్డు తగలవని కమిటీవారికి ఓపికగానే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాడి ఊపిరితిత్తులకు మేలు జరుగుతుంది. నాకు ఆ లాభం కూడా దక్కలేదు.

వారు నన్ను అడిగింది స్పష్టమైన పని. పాత భవనాన్ని కూల్చేస్తున్నారు. కూల్చేముందు దాని గదులను ఫోటోలు తీసి ఇవ్వాలి. పుస్తకాలు, బీరువాలు, బల్లలు, కుర్చీలు అన్నీ కొత్త భవనానికి తరలిపోయాక చదువుకునే పెద్ద గది బోసిగా మిగిలిన రోజున నేను వెళ్ళాను. బీరువాలు ఆనుకుని ఉన్న మేరకు గోడలు తెల్లగా ఉన్నాయి, తక్కినచోట్ల పొగచూరిన రంగులో ఉన్నాయి. కుర్చీలు వెనక్కి జరిగిన చోట నేల గుంటలుగా అరిగింది. మధ్యాహ్నపు వెలుగు ఎత్తయిన కిటికీల నుంచి దిగి, ఏ వస్తువూ అడ్డం లేక, అవతలి గోడ వరకు నడిచిపోయింది. బడిలో నేర్చిన దానికన్నా ఆ గదిలో నేర్చినదే నాకు ఎక్కువ. అయినా ఆ రోజు జ్ఞాపకాల కోసం వెళ్ళలేదు. గదిని తీయడానికి వెళ్ళాను, తీశాను.

“ఇదే ఖాయం చేశామమ్మా,” అన్నారు అధ్యక్షులు, తమ్ముడి బొమ్మ మీద వేలు ఆనించి. నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి విరమించిన మనిషి. గొట్టంలో నీరు, గదిలో మనిషి ఉండి తీరాలన్నది ఆయన నమ్మకం. “మిగతావన్నీ బాగానే వచ్చాయి, కాదనను. కానీ ఎవరూ లేరు కదా! చూసేవాడి చూపు ఎక్కడ ఆనాలి? ఇది చూడండి, ఎంత జీవం ఉందో.”

“ఆ జీవం మా తమ్ముడు,” అన్నాను. “అది ఎంచుకోవడానికి ఇచ్చినది కాదు. పొరపాటున వచ్చింది.”

“పొరపాటెలా అవుతుంది మేడమ్?” అంది కొత్త భవనం లోపలి అలంకరణ చూసే డిజైనరమ్మాయి. “అన్నిట్లోకీ దీనికే మూల నల్లగా గుర్తు పెట్టారు. మీకు నచ్చినది ఇదేనేమో అనుకున్నాం.”

ఇక్కడ మా పని పద్ధతి కొంత చెప్పాలి. నేను వాడేది ముక్కాలిపీట మీద నిలిపే పెద్ద కెమెరా. దాని వెనక గాజుపలక మీద ఎదుటి దృశ్యం తలకిందులుగా పడుతుంది. నేను నల్లగుడ్డ కప్పుకుని, ఆ పలకను చూస్తూ స్పష్టత సరిచేసుకుంటాను. వెలుగు తక్కువైన బోసిగదిలో కంటికి పట్టు దొరకదు. అందుకని మా తమ్ముడు తెలుపు, నలుపు పట్టీలు వేసిన ఒక పొడుగు కర్ర పట్టుకుని నేను చెప్పిన చోట నిలబడతాడు. ఆ పట్టీల అంచు మీద స్పష్టత కుదుర్చుకుంటాను. కర్రతో సహా ఒక ఫిల్ము తీసి, అది పరీక్షకు మాత్రమేనని తెలిసేలా దాని మూల కత్తిరిస్తాను. ప్రింటులో ఆ మూల నల్లగా పడుతుంది. తరవాత “తప్పుకో” అంటాను. అతను తప్పుకుంటాడు. అప్పుడు అసలు ఫోటో తీస్తాను. మా వీధిలో అతన్ని అందరూ కొలబద్ద అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

“మా స్టూడియోలో మూల కత్తిరిస్తే అది పారేసేదని అర్థం,” అన్నాను.

“మా ఆఫీసులో నచ్చినదానికే మూల మడుస్తాం మేడమ్.”

“మీరు మడుస్తారు, నేను కత్తిరిస్తాను. ఆ తేడా కత్తెరకు తెలుసు.”

అధ్యక్షులు నవ్వి, ఫైసలా చేసే గొంతు సవరించుకున్నారు. “సరేనమ్మా, గుర్తు మాట వదిలేద్దాం. అసలు సంగతి చెప్పండి. ఖాళీ గదిని ఫోటో తీస్తే అందులో విషయం ఏముంటుంది?”

“గది.”

“అదే, గదిలో ఏముంది?”

“గది.”

“అంటే ఏమీ లేదనేగా! పెళ్ళికూతురు లేని పెళ్ళి ఫోటోలాగా.”

“మీరు నన్ను పెళ్ళికి పిలవలేదు. గదికి పిలిచారు,” అన్నాను. “గదిలో మనిషి ఉంటే కన్ను మనిషి మీదికే పోతుంది. అది కంటికున్న బలహీనత, గది చేసిన తప్పు కాదు. ఒకసారి మనిషి మీదికి పోయాక గది వాడి వెనక కట్టిన గుడ్డ అయిపోతుంది. గుడ్డల ముందు జనాన్ని కూర్చోబెట్టి ఫోటోలు తీయడం నా బతుకుతెరువు. ఆ పని చేతకాక ఈ గదిని ఖాళీగా వదిలానని అనుకోకండి.”

ఆయన చెడ్డవారు కారు. రాజీకి దిగారు. “పోనీ, గోడల మీద ఆ తెల్లచారలు, నేల మీద ఆ గుంటలు, ఇవే విషయం అనుకుందాం. వాటి గురించి నాలుగు ముక్కలు రాసి కింద అతికిస్తే…”

“అతికిస్తే జనం ఆ నాలుగు ముక్కలూ చదివి, చారలు ఉన్నాయో లేవో సరిచూసుకుని, సంతృప్తిగా వెళ్ళిపోతారు. ఏం చూడాలో చెప్పి చూపించేది ఫోటో కాదు, ప్రశ్నాపత్రం.”

“మీతో మాటలు గెలవలేమమ్మా,” అన్నారాయన. గెలవాల్సిన అవసరం తమకు లేదని గుర్తొచ్చినవాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు. “కానీ గోడ మాది. ఆ వీపుగోకుడాయన నెగటివు వచ్చేవారం సమావేశానికి తెచ్చివ్వండి, పెద్దది చేయిస్తాం. లేదంటే ఇంకెవరి చేతనైనా ఇంకేదైనా తీయించుకుంటాం. ఎవరూ లేని ఫోటో మాత్రం మా గోడకి వద్దు.”

ఇంకెవరైనా తీయడానికి ఆ గది లేదు. అప్పటికే పైకప్పు దింపేశారు. ఆ గది ఇక ఉన్నదంటే నా ఫిల్ము మీదే ఉంది.

నేను తిన్నగా స్టూడియోకి వచ్చాను. తమ్ముడు బల్లమీద కటకాలు తుడుస్తున్నాడు. అతని భార్య పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. స్టూడియోకి, వాళ్ళ ఇంటికి మధ్య ఒకే తలుపు, దానికి గడియ లేదు.

“ఒరేయ్, కమిటీకి పంపిన కవరులోకి మూల కత్తిరించినది ఎలా వెళ్ళింది?”

“ఏది?”

“నువ్వు వీపు గోక్కుంటున్నది.”

“ఓ, అదా! ఆ బీరువాల వెనక దుమ్ము అలాంటిదక్కా. ఒళ్ళంతా ఒకటే దురద. కర్ర చేతిలోనే ఉంది కదా అని…”

“దురద ఎలా వచ్చిందని అడగలేదు. కవరులోకి ఎలా వచ్చిందని అడిగాను.”

అతను కటకాన్ని వెలుగుకి ఎత్తి, లేని మరకను చూశాడు. “నేనే ప్రింటు వేసి పెట్టాను.”

“ఎందుకు?”

“బాగుందని.”

“బాగుండటం ఏమిటి వదినా!” తలుపు అవతలి నుంచి మరదలి గొంతు. “మూడు రోజులు దాన్ని జేబులో పెట్టుకు తిరిగారు. నాకు చూపించారు, పాలవాడికి చూపించారు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి చూపించారు. నేనే అన్నాను, ఇంట్లో పని తగిలితే ఈ మనిషి ఎలాగూ కనబడరు, ఫోటోలోనైనా కనబడనివ్వండి అని.”

“నువ్వు కాస్త ఊరుకుంటావా?” అని, తమ్ముడు నా వైపు తిరిగాడు. మామూలుగా అతను నాతో వాదించడు. ఆ రోజు వాదించాడు. “అక్కా, మనం ఎన్ని గదులు తీశాం! కోర్టులు, ఆసుపత్రులు, మూతబడ్డ మిల్లులు. ప్రతి గదిలోనూ నీ ఫోటో కంటే ముందు నేను నిలబడ్డాను. ఒక్క ఫోటోలోనూ లేను. ఒక్కసారి నేనుంటే ఆ గది అరిగిపోతుందా?”

“అరిగిపోదు. కనబడదు.”

“నేను కనబడతానుగా!”

“నేను చెబుతున్నదీ అదే.”

“నువ్వసలు నన్ను తిన్నగా చూశావా ఎప్పుడైనా? గుడ్డ కప్పుకుని తలకిందులుగా చూడటమేగా!”

“ఫోటో కావాలంటే అడగాల్సింది. తీసేదాన్ని.”

“అడిగి తీయించుకునేవాళ్ళు గిరాకీలు. నేను గిరాకీనా?”

ఒక ప్రశ్నకు జవాబు లేకపోవడం వేరు, వాదం ఓడిపోవడం వేరు. గదిలో అతను ఉండాలనడానికి అతని కోరిక కారణమవుతుంది గానీ రుజువు కాదు. కానీ ఆ కోరిక కమిటీవారి కోరిక వంటిది కాదన్నది కూడా నాకు అప్పుడే తెలిసింది. వారికి చూపు ఆనడానికి ఏదో ఒక గుంజ కావాలి. ఇతనికి తాను కావాలి.

నెగటివుల పెట్టె తెరిచాను. నేను కత్తెర తీస్తాననుకున్నాడేమో, తమ్ముడు లేచి నిలబడ్డాడు. మరదలు బట్టలు పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చింది. మూల కత్తిరించినదాన్నీ, ఖాళీ గదినీ రెండింటినీ తీసి అతని చేతిలో పెట్టాను.

“రెండూ నీ దగ్గరే ఉంచు. సమావేశానికి నువ్వే రా. ఏది ఇవ్వాలో నువ్వే ఇవ్వు. మూల కత్తిరించినది ఇస్తే దాని కింద నా పేరు ఉండదు. అంతకుమించి నేనేమీ అనను.”

“కోపమా?”

“కోపమే. కానీ నీ ముఖాన్ని కత్తిరించే కోపం కాదు.”

ఆ సాయంత్రం అతను, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద రెండు నెగటివులనూ పక్కపక్కన పరుచుకుని, భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. మొదట తనను చూసుకున్నాడు. తరవాత ఖాళీ గదిని చూశాడు. చూసి, మళ్ళీ చూసి, నన్ను పిలిచాడు.

“అక్కా, ఈ ఖాళీదాంట్లో నేల ఒక్కచోట గీతలతో సహా తెలుస్తోంది. అటూ ఇటూ కొంచెం మెత్తబడింది. ఆ చోటు నేను నిలబడ్డదే కదా?”

“నువ్వు నిలబడ్డదే. నీ కర్ర మీదే కదా స్పష్టత కుదిర్చింది.”

“అయితే అన్ని ఫోటోల్లోనూ ఇంతేనా?”

“అన్నింట్లోనూ ఇంతే.”

అతను నవ్వాడు. “ఈ మాట కమిటీకి చెబితే సరిపోతుందిగా! ఇక్కడ మనిషి నిలబడ్డాడు, అందుకే ఇది ఉత్త ఖాళీ కాదు అని.”

“చెప్పకు.”

“ఎందుకు?”

“ఎవరూ అడుగుపెట్టని గది అయినా దాని ఫోటో గోడ మీద అలాగే నిలవాలి. మనిషి నిలబడ్డ చోటని చెబితే ఖాళీకి జామీను తెచ్చినట్టవుతుంది. ఖాళీ ఏ నేరమూ చేయలేదు, దానికి జామీను అక్కర్లేదు.”

“నీకు మొండితనం అమ్మ పాలతో రాలేదు, అమ్మకే నువ్విచ్చి ఉంటావు,” అన్నాడు. అని, భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు.

సమావేశానికి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు నెగటివులూ పై జేబులో ఉన్నాయి. ఏది ఇస్తాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అధ్యక్షులు లేచి ఎదురొచ్చారు.

“రండి రండి, హీరోగారూ! మా గోడకి మీరే దిక్కు.”

తమ్ముడు సిగ్గుపడ్డాడు. అతను సిగ్గుపడగా నేను ఎప్పుడూ చూడలేదు. ఏది ఇస్తాడో నాకు అక్కడే తెలిసిపోయిందనుకున్నాను.

“పాత ప్రింటు నుంచి ఒక నమూనా తయారుచేశాం సార్,” అంటూ డిజైనరమ్మాయి కంప్యూటరు తెర ఇటు తిప్పింది. “నెగటివు ఇస్తే ఇదే పద్ధతిలో పెద్దది చేస్తాం.”

తెర మీద అదే గది. నడిమధ్య ఒక మనిషి. బట్టతల మీద కొంత జుట్టు మొలిచింది. చొక్కా నీలంగా మారింది. వీపు మీదికి వంగిన చెయ్యి ముందుకు వచ్చి, తెరిచిన పుస్తకాన్ని పట్టుకుంది. మూసిన కళ్ళు తెరుచుకుని పుస్తకం మీదికి వాలి ఉన్నాయి. మూల నలుపు పోయింది.

తమ్ముడు తెర దగ్గరికి వంగాడు. “ఎవరండీ ఇతను?”

“మీరే సార్!” అంది ఆ పిల్ల నవ్వుతూ. “కొంచెం సర్దాం, అంతే. హాల్లో గోడ లేత నీలం కదా, చొక్కా దానికి నప్పేలా మార్చాం.”

“నా కర్ర ఏదమ్మా?”

“కర్ర బాగోదు సార్. గ్రంథాలయం కదా, పుస్తకం పెట్టాం.”

“ఏం పుస్తకం?”

“ఏదో ఒక పుస్తకం సార్. పేరు కనబడదులెండి.”

“ఏదో ఒక పుస్తకం,” అన్నాడు తమ్ముడు. ఆ మాటను కటకం తుడిచినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడని నాకు అర్థమైంది. “మరి మనిషి కూడా అంతేనాండీ?”

గదిలో కొంత ఇబ్బంది పుట్టింది. అధ్యక్షులు సర్దబోయారు. “అపార్థం చేసుకోకండి బాబూ. మీరని కాదు. మనిషంటూ ఒకరు కనబడాలి. మీరు కాకపోతే ఇంకొకరు.”

“అంటే ఎవడో ఒకడు.”

“అంతే కదా మరి!” అన్నారు ఆయన, తమ మాట ఇన్నాళ్ళకు ఒకరికి అర్థమైందన్న ఉపశమనంతో.

తమ్ముడు జేబులోంచి కవరు తీశాడు. ఖాళీ గది నెగటివును బల్ల మీద, ఆయన ముందు, వేళ్ళ గుర్తులు పడకుండా అంచులు పట్టుకుని పెట్టాడు. రెండోదాన్ని మళ్ళీ జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసి తట్టాడు.

“ఇది మా అక్క తీసిన గది. కావాలంటే పెట్టుకోండి. నా ఫోటో ఇవ్వను.”

“అదేమిటి బాబూ! మీకు మంచి పేరు…”

“ఎవరికి పేరండీ? ఆ నీలం చొక్కా ఆయనకా?” అతని గొంతు పెరగలేదు. “మా అక్క ఇన్నేళ్ళూ నన్ను గదిలోంచి తప్పుకోమంది. తప్పుకున్నాను, అప్పుడప్పుడు తిట్టుకున్నాను కూడా. కానీ ఎప్పుడూ ఇంకొకడిలా నిలబడమనలేదు. దురద పుడితే గోక్కోవద్దని కూడా అనలేదు.”

అధ్యక్షులు నా వైపు తిరిగారు. నేనే నేర్పి తెచ్చానన్న అనుమానం ఆ చూపులో ఉంది. “ఇది పెడితే వచ్చినవాళ్ళు నవ్వుతారమ్మా. ఎవరూ లేని ఫోటో కింద నిలబడి మేమేం చెప్పాలి?”

“ఏమీ చెప్పకండి. గదులు ఇంతకాలం మీ మాటలు విన్నాయి, ఒక్కసారి మీరు ఊరుకుంటే ఫరవాలేదు.”

“ఇది మాత్రం కుదరదు. అలాగైతే గోడ ఖాళీగా ఉంటుంది.”

“ఉండనివ్వండి,” అన్నాను. “ఖాళీగా ఉండటం గోడకు చేతనవును. చూడటమే మీరు నేర్చుకోవాలి.”

నెగటివును నేనే తీసుకుని కవరులో పెట్టుకున్నాను. వీధి మలుపు దగ్గర తమ్ముడు, “జుట్టు మొలిపించారే, దానికి మాత్రం మనసొప్పలేదక్కా, వద్దనడానికి,” అన్నాడు.

మూల కత్తిరించినదాన్ని నేను ప్రింటు వేసి ఇచ్చాను, నల్లని మూలతో సహా. మరదలు దాన్ని తలుపుకి ఎదురుగా గోడకి కొట్టించింది. ఎవరొచ్చినా, “ఇంట్లో లేరనుకోకండి, గోడ మీద ఉన్నారు,” అంటుంది. అది మా తమ్ముడి ఫోటో, మంచి ఫోటో. గది ఫోటో మాత్రం కాదు. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

కొత్త గ్రంథాలయం తెరిచిన రోజున పిలుపు లేకుండానే వెళ్ళాను. గోడ ఖాళీగానే ఉంది. ఫోటో కోసం పైన బిగించిన దీపాలను ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు కొక్కేల మధ్య లేత నీలపు గోడ మీద ఆ వెలుగు పరుచుకుని ఉంది. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక్కక్షణం దాని ముందు ఆగుతున్నారు, ఏం రాబోతోందని ఒకరినొకరు అడుగుతున్నారు. నేను ముక్కాలిపీట నిలిపి కెమెరా బిగించాను. తమ్ముడు కర్ర తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు.

నల్లగుడ్డ కింద అతను ఎప్పటిలాగే తలకిందులుగా కనిపించాడు.

“కొంచెం ఎడమకి. ఇంకొంచెం. చాలు.”

“మూల కత్తిరించినది ఉందా ఇవాళ?”

“ఉంది. గోక్కోవాలంటే ఇప్పుడే గోక్కో.”

అతను గోక్కోలేదు. కర్రను పక్కన నిటారుగా నిలిపి, గడ్డం ఎత్తి నిలబడ్డాడు. నేను గుడ్డలోంచి తల బయటికి తీసి, తిన్నగా చూసి, షట్టరు నొక్కాను. రెండో ఫిల్ము ఎక్కించాను.

“తప్పుకో.”

తప్పుకున్నాడు. అతను ఖాళీ చేసిన చోటిలోకే అధ్యక్షులు హడావిడిగా నడిచివచ్చి నిలబడ్డారు.

“ఏమిటమ్మా ఇది! ఉత్త గోడని ఫోటో తీస్తున్నారా? ఇందులో ఏముందని?”

“మెల్లగా మాట్లాడాలండీ,” అన్నాడు తమ్ముడు పక్కనుంచి. “చదువుకునే చోటు.”

నేను గుడ్డ కప్పుకున్నాను. గాజుపలక మీద ఆయన కాళ్ళు పైకి, తల కిందికి, మంచి వెలుగులో, గోడకు సరిగ్గా నడుమ ఉన్నారు. చూపు ఆనడానికి అంతకన్నా అనువైన మనిషి దొరకడు.

“మీరు కూడా కొంచెం తప్పుకోండి,” అన్నాను.